ఉబ్బసం ఉన్న అమ్మను మార్చిలో కశ్మీర్ తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది వరంగల్, ఏనుమాముల. అమ్మకు 61 ఏళ్లు. ఉబ్బసం, బీపీ ఉన్నాయి. మార్చి మూడో వారంలో శ్రీనగర్, గుల్‌మార్గ్ టూర్ బుక్ చేశాం. అక్కడ ఒకరోజు ఎండ, మర్నాడు మంచు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైనప్పటి నుంచి అమ్మకు రాత్రిళ్లు దగ్గు కూడా వస్తోంది. తీసుకెళ్లొచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: మీరు అడిగింది మంచు గురించే గానీ, నాకు ముందు పట్టించుకోవాల్సిందిగా అనిపించింది ఆ రాత్రి దగ్గు. ఉబ్బసం ఉన్నవాళ్లు దగ్గుతో నిద్ర లేస్తున్నారంటే జబ్బు అదుపులో లేనట్టే. మిర్చి ఘాటు దాన్ని బయటపెట్టింది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో గానీ, మీకు తెలిసిన ఛాతీ డాక్టర్ దగ్గర గానీ చూపించి ఊదే పరీక్ష చేయించండి. రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్‌ను అమ్మగారు నిజంగా రోజూ పీలుస్తున్నారా? ఆయాసం వచ్చిన రోజే దాన్ని బయటికి తీసే ఇళ్లు చాలా ఉన్నాయి. దగ్గు తగ్గి నాలుగు వారాలు హాయిగా నిద్రపోతే బయల్దేరండి. లేదంటే తేదీ మార్చుకోండి. ఏప్రిల్‌లో అయితే శ్రీనగర్‌లో తులిప్ పూలు కూడా చూడొచ్చు.

కశ్మీర్‌లో 40 రోజుల గడ్డుచలి, అక్కడివాళ్లు చిల్లై కలాన్ అనేది, జనవరి చివరికే అయిపోతుంది. అయినా పశ్చిమ అలజడులు, అంటే పడమటి నుంచి వానను, మంచును మోసుకొచ్చే వాతావరణ మార్పులు, వచ్చినప్పుడల్లా మార్చిలోనూ వానో మంచో పడుతుంది. మధ్యాహ్నం ఎండకు స్వెటర్ తీసేస్తారు, సాయంత్రానికి వణుకు. చల్లని పొడిగాలికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. బయటికెళ్తే ముక్కు, నోరు మఫ్లర్‌తో కప్పుకోవాలి. ఇన్‌హేలర్ లోపలి జేబులో ఉండాలి, చలికి అది సరిగా పనిచేయదు. బీపీ మాత్ర ఒక్కపూట కూడా మానొద్దు.

శ్రీనగర్ దాదాపు 1,600 మీటర్ల ఎత్తు, ఇబ్బంది లేదు. గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్లు, కాబట్టి శ్రీనగర్‌లో ఒకటి రెండు రోజులు ఉండి వెళ్లండి. అక్కడి కేబుల్ కార్ రెండో దశ 3,900 మీటర్లు దాటుతుంది. దానికి మాత్రం అమ్మగారిని ఎక్కించొద్దు, ఎవరెంత బతిమాలినా సరే.

గదిలో కాంగ్రీ పెడతామంటే వద్దనండి. అది మన కుంపటి లాంటిదే. పొగ ఉబ్బసానికి పడదు, తలుపులు మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలకే ముప్పు. కరెంటు హీటర్, కరెంటు దుప్పటి ఉన్న గది అడగండి.

మంచు పడితే విమానాలు ఆగుతాయి, జమ్మూ రోడ్డు మూసేస్తారు. వారానికి సరిపడా మందులు అదనంగా హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోండి. ఆయాసం వచ్చినప్పుడు వాడే ఉపశమన ఇన్‌హేలర్ పీల్చినా ఆయాసం తగ్గకపోయినా, మాట పూర్తిచేయలేకపోయినా వెంటనే కిందికి దింపి ఆస్పత్రికి తీసుకెళ్లండి.