రెటినోబ్లాస్టోమా ఒక కంటికే వస్తే వంశపారంపర్యం కాదనుకోవచ్చా?

రెటినోబ్లాస్టోమా అంటే చిన్నపిల్లల కంటి లోపలి వెనుక పొర (రెటీనా)లో వచ్చే క్యాన్సర్ గడ్డ. ఇంట్లో ఎవరికీ లేకపోయినా, గడ్డ ఒక కంటిలోనే ఉన్నా, అలా అనుకోకూడదు.

రెటీనా కణాలు అదుపు తప్పకుండా చూసే ఆర్‌బీ1 జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దానికి రెండు ప్రతులు. దాదాపు ఎప్పుడూ రెండూ చెడితేనే గడ్డ మొదలవుతుంది. వంశపారంపర్య రకంలో ఒక ప్రతి పుట్టుకతోనే ఒళ్లంతా చెడి ఉంటుంది. రెండోది ఏ రెటీనా కణంలో చెడితే అక్కడ గడ్డ. అందుకే తరచూ రెండు కళ్లకూ వస్తుంది, ఏడాది వయసుకే బయటపడుతుంది. వంశపారంపర్యం కాని రకంలో ఒకే కణంలో రెండు ప్రతులూ చెడాలి. కాబట్టి ఒకే కన్ను, ఒకే గడ్డ, సాధారణంగా రెండేళ్ల వయసులో.

చిక్కేమిటంటే, ఒక కంటికే వచ్చిన పిల్లల్లోనూ సుమారు 15 శాతం మందిలో లోపం పుట్టుకతో వచ్చిందే. అది చాలాసార్లు తల్లిదండ్రుల్లో ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. కనుక రక్తంలో ఆర్‌బీ1 పరీక్ష తప్పనిసరిగా చేయించండి. కన్ను తీయాల్సి వస్తే గడ్డ ముక్కను జన్యు పరీక్షకు భద్రపరచమని ఆపరేషన్‌కు ముందే అడగండి. అందులో దొరికిన మార్పులనే రక్తంలో వెతికితే ఫలితం నమ్మకంగా వస్తుంది. ఆపరేషన్ అయ్యాక అడిగితే ఆ అవకాశం పోవచ్చు, ఇది చాలామందికి ఎవరూ చెప్పరు.

రక్తంలో మార్పు తేలితే రెండో కంటిని మత్తుమందు ఇచ్చి తరచూ పరీక్షించాలి. తర్వాతి ఏళ్లలో ఎముక క్యాన్సర్ వంటివి వచ్చే ముప్పు ఉంటుంది; రేడియేషన్ దాన్ని పెంచుతుంది కాబట్టి వీలైనంతవరకు వాడరు. ఆ బిడ్డకు ముందుముందు పుట్టే ఒక్కో సంతానానికీ ఈ జన్యు లోపం వచ్చే అవకాశం 50 శాతం. తోబుట్టువులకూ పరీక్ష చేయించాలి, ఫలితం వచ్చేదాకా కళ్లు చూపిస్తూనే ఉండాలి.