జింజర్లీలో అల్లం ఉందా?

ప్రశ్న: మా బాబు ఇంగ్లిష్ పాఠంలో ఒకతను గాజు పెంకుల మధ్య 'జింజర్లీ' నడిచాడని ఉంది. డిక్షనరీలో చూస్తే 'చాలా జాగ్రత్తగా, భయంభయంగా' అని ఉంది. జింజర్ అంటే అల్లం కదండీ, దానికీ నడకకీ ఏమిటి సంబంధం? అల్లం ఘాటు, చూసి చూసి వేస్తాం కాబట్టి ఆ అర్థం వచ్చిందని మావారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: మీవారి ఊహ బాగుంది గానీ అల్లానికీ దీనికీ చుట్టరికం లేదండీ. ఇలాంటి మాట పుట్టుక తెలియాలంటే ముందు చూడాల్సింది, దాన్ని మొదట్లో ఏ అర్థంలో వాడారన్నది. 16వ శతాబ్దం మొదట్లో ఇంగ్లిష్ రాతల్లో జింజర్లీ కనిపించేనాటికి జాగ్రత్త అన్న అర్థమే లేదు, చిన్న చిన్న అడుగులతో నాజూగ్గా నాట్యం చేయడం గురించి చెప్పేటప్పుడు వాడేవారు. 1600 ప్రాంతానికి ఆ నాజూకు అడుగు కాస్తా ఆచితూచి వేసే అడుగైంది. తెన్నేటి పార్కు కింద తడిసిన రాళ్ల మీద మనం ఎలా దిగుతామో, అదే ఇప్పటి జింజర్లీ.

ఆ నాజూకు ఎక్కడిదంటే, బహుశా పాత ఫ్రెంచిలోని 'జెన్సొర్' నుంచి అంటారు నిఘంటుకారులు. 'జెంట్' అంటే మంచి ఇంట పుట్టిన, సొగసైన. జెన్సొర్ అంటే అంతకన్నా సొగసైన. జెంటిల్, జెంటిల్‌మన్ కూడా ఆ వంశంవే. నిజంగా అల్లంతో వచ్చిన మాట కావాలంటే 'జింజర్ అప్' ఉంది. దానికి హుషారెక్కించడం అని అర్థం, భయంభయంగా నడవడానికి పూర్తిగా ఎదురు!

ఇంతకీ అల్లం కథ మన వైపుదే, నాకైతే అదే ఎక్కువ ఇష్టం. పాడేరు, చింతపల్లి కొండల్లో పండే ఈ అల్లాన్ని తమిళ, మలయాళాల్లో 'ఇంజి' అంటారు. దానికి 'వేర్' చేరింది, అంటే మన తెలుగు 'వేరు' మాటే. అది పాళీలో సింగివేర, గ్రీకులో జింగిబెరిస్ అయి, లాటిన్ మీదుగా ఇంగ్లిష్‌లో జింజర్ అయింది. సంస్కృతంలో శృంగవేరం అయ్యాక, కొమ్ము ఆకారం కాబట్టి శృంగం అని అర్థం చెప్పుకున్నారు. అంటే మీవారు చేసిన పనే ఎప్పుడో పండితులూ చేశారన్నమాట.

బాబుకి ఇంకో మాట చెప్పండి. నొప్పి ఉన్న కాలు మోపడం, పగిలేలా ఉన్న వస్తువు పట్టుకోవడం, ఇలాంటి పనులకు జింజర్లీ బాగా కుదురుతుంది. ఎప్పుడూ జాగ్రత్తగా ఉండే మనిషి గురించి రాయాలంటే 'కాషస్' చాలు.