బీరువాలో మడతపెట్టిన ఫ్రీమన్ జెర్సీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బేస్‌బాల్ గురించే ఉన్నాయి. చలికాలం అంటే ఇక్కడ ఆట ఉండదు కానీ ఎవరు ఏ టీమ్‌కి వెళ్తున్నారు, ఎవరు ఉంటున్నారు అనే గోల మాత్రం రోజూ ఉంటుంది. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది జార్జియాలో కమ్మింగ్. 2022లో ఫస్ట్ బేస్ ఆడే ఫ్రెడ్డీ ఫ్రీమన్ మన అట్లాంటా బ్రేవ్స్‌ని వదిలేసి లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి వెళ్ళినప్పుడు మా బాబుకి 9 ఏళ్ళు. స్కూల్ నుంచి వచ్చి బ్యాగ్ కూడా తియ్యకుండా సోఫాలో కూర్చుని ఏడ్చాడు. ఆ 5వ నంబర్ జెర్సీ ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నారు మావారు, నేనే మడతపెట్టి బీరువాలో దాచాను. మన ఇళ్ళల్లో అలవాటే కదా, అప్పట్లో రెండు సైజులు పెద్దది కొన్నాను, అందుకే ఇప్పుడు సరిగ్గా పడుతోంది. డాడ్జర్స్ అట్లాంటా వచ్చినప్పుడు అదే వేసుకెళ్తానని వాడు, మనల్ని వదిలేసి పోయినవాడి చొక్కా వేసుకుని మన స్టేడియంకి ఎలా వెళ్తావని మావారు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, బాబు మాటే వినండి. బావగారి బాధ కూడా నాకు తెలుసు, ఎందుకంటే ఆ మార్చిలో నేనూ అదే మాట అన్నాను, మా ఇంట్లో వారం రోజులు ఆ పేరు ఎత్తనివ్వలేదు.

ఎందుకంత బాధో ఒకసారి చూడండి. 2007 డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే చోట, రెండో రౌండ్‌లో బ్రేవ్స్ తీసుకున్న కుర్రాడు, 2010 సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు, తర్వాత టీమ్ ఘోరంగా ఓడిన సంవత్సరాల్లో కూడా ఎక్కడికీ పోలేదు, 2020లో నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. ఇక 2021 నవంబర్ 2 రాత్రి హ్యూస్టన్‌లో వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్ సిరీస్, ఆరో మ్యాచ్. ఏడో ఇన్నింగ్‌లో మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టాడు, చివర్లో హ్యూస్టన్ బ్యాటర్ గురియెల్ కొట్టిన బంతిని షార్ట్‌స్టాప్ డాన్స్‌బీ స్వాన్సన్ అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరితే అది ఫ్రీమన్ గ్లవ్‌లో పడింది, అంతే, 1995 తర్వాత మళ్ళీ వరల్డ్ సిరీస్ అట్లాంటాకి వచ్చింది. ఆ బంతి ఆయన చేతిలో ఉండగానే మనందరం ఈయన ఇక్కడే రిటైర్ అవుతాడని ఫిక్స్ అయిపోయాం. ఆయన కాంట్రాక్ట్ అప్పటికే అయిపోతోంది, ఆ సంగతి తెలిసి కూడా.

తర్వాత ఏమైందంటే, డిసెంబర్‌లో లీగ్ ఓనర్లు లాకౌట్ పెట్టారు, 99 రోజులు ఎవరూ ఎవరితో కాంట్రాక్ట్ మాట్లాడకూడదు. మార్చి 10న తాళం తీశారు, నాలుగు రోజులకే, మార్చి 14న, బ్రేవ్స్ వాళ్ళు ఓక్‌లాండ్‌కి నలుగురు కుర్రాళ్ళని ఇచ్చి అదే ఫస్ట్ బేస్ ఆడే మ్యాట్ ఓల్సన్‌ని తెచ్చేసుకున్నారు, మర్నాడే 8 ఏళ్ళకి 16.8 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అంటే తలుపు మూసింది ముందు టీమే. ఆ ట్రేడ్ గురించి మాట్లాడుతూ జనరల్ మేనేజర్ ఆంథోపౌలస్‌కి కూడా కళ్ళనీళ్ళు వచ్చాయి. ఫ్రీమన్ ఆరు సంవత్సరాలు కావాలన్నాడు, టీమ్ ఐదు దగ్గర ఆగింది, అక్కడే తెగిపోయిందని అప్పట్లో వార్తలు. ఆ తర్వాతే డాడ్జర్స్‌తో 6 ఏళ్ళకి 16.2 కోట్లకి సంతకం పెట్టాడు. ఓల్సన్‌కి ఇచ్చిన మొత్తమే ఎక్కువ, సంవత్సరాలు కూడా ఎక్కువే, కాకపోతే అతను నాలుగున్నరేళ్ళు చిన్నవాడు, టీమ్ లెక్క అది. కాబట్టి "వదిలేసి పోయాడు" అనే మాట సగమే నిజం అని బావగారికి నా తరఫున చెప్పండి.

ఇంకోటి కూడా చెప్పాలి. 2022 జూన్ 24న ఆయన డాడ్జర్స్ డ్రెస్‌లో మొదటిసారి బ్రేవ్స్ స్టేడియం ట్రూయిస్ట్ పార్క్‌కి వచ్చిన రోజు నేను పై అంతస్తులో ఉన్నా. మ్యాచ్‌కి ముందు విలేకరుల దగ్గర కూర్చుని మాట రాక ఏడ్చాడు. పాత మేనేజర్ స్నిట్‌కర్ గెలిచిన టీమ్‌కి ఇచ్చే వరల్డ్ సిరీస్ ఉంగరం చేతికి ఇచ్చాడు. మొదటి బ్యాటింగ్‌కి వచ్చి హెల్మెట్ తీసి పైకెత్తితే స్టేడియం అంతా లేచి నిలబడింది, ఆగట్లేదు చప్పట్లు. నా పక్క సీట్లో డెబ్భై దాటిన పెద్దాయన, వెలిసిపోయిన పాత బ్రేవ్స్ టోపీ, ఆయన చప్పట్లు కొట్టలేదు, టోపీ తీసి రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రి నిలబడతాడే, అచ్చం అలా. నా కోపం ఆ నిమిషంలోనే పోయింది. ఆ వారంలో ఫ్రీమన్ ఏడుపు చూసి డాడ్జర్స్ పిచ్చర్ కెర్షా "ఆయన మనసులో మేమేమీ రెండో స్థానం కాదనుకుంటున్నా" అన్నట్టు మాట్లాడాడు, కొద్ది రోజులకి ఫ్రీమన్ తన ఏజెంట్లని కూడా మార్చేశాడు. అంటే వెళ్ళినవాడికి కూడా అంత తేలిగ్గా తెగలేదు.

బాబుని ఆ జెర్సీ వేసుకెళ్ళనివ్వండి. దాని మీద రాసుంది అట్లాంటా బ్రేవ్స్ అనే కదమ్మా. వీలైతే బావగారినీ పక్కన కూర్చోబెట్టండి.

ప్రశ్న: అన్నా, హైదరాబాద్ నుంచి రాస్తున్నా. మా కజిన్ ఆడ అమెరికాల ఉంటడు, వాళ్ళ టీమ్‌ల ఎవరో పోయిండని వారం సంది మూడ్ ఆఫ్. ఏందన్నా ఈ ఫ్రీ ఏజెన్సీ లొల్లి? మన సన్‌రైజర్స్ నుంచి వార్నర్ పోయినట్టేనా?

జవాబు: తమ్ముడూ, బాధ అలాంటిదే కానీ సంగతి మాత్రం రివర్స్. వార్నర్ 2016లో మనకి కప్పు తెచ్చిన కెప్టెన్, 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత టీమ్‌లోంచి కూడా తప్పించి బయట కూర్చోబెట్టారు, 2022 వేలంలో ఢిల్లీ 6.25 కోట్లకి కొనుక్కుంది. అక్కడ ఏ ఊరికి ఆడాలో వార్నర్ చేతిలో లేదు, ఎవరు చెయ్యి ఎత్తితే వాళ్ళకి. బేస్‌బాల్‌లో వేలం లేదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీస్ పూర్తయ్యి కాంట్రాక్ట్ అయిపోతే ఆటగాడు ఫ్రీ, ఏ టీమ్‌తో అయినా మాట్లాడుకోవచ్చు, తనే ఎంచుకుంటాడు. అందుకే ఫ్యాన్స్‌కి ఎక్కువ నొప్పి, "వాడే వద్దనుకున్నాడు" అనిపిస్తుంది.

కానీ ఈ హక్కు ఊరికే రాలేదు, దీని వెనక ఒక మనిషి జీవితం ఉంది, అది తెలిస్తే మీ కజిన్ కోపం కూడా కొంచెం తగ్గుతుందేమో. పాత రోజుల్లో రిజర్వ్ క్లాజ్ అని ఒకటి ఉండేది, కాంట్రాక్ట్ అయిపోయినా ఆటగాడు ఆ టీమ్ ఆస్తే, వాళ్ళు ఉంచుకుంటే ఉండాలి, ఇంకొకరికి ఇచ్చేస్తే పోవాలి, కాదంటే ఆట మానుకోవాలి. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి 12 సీజన్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ని 1969 అక్టోబర్‌లో ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు. ఆయన నేను వెళ్ళను అన్నాడు. నేను కొనీ అమ్మే సరుకుని కాదని కమిషనర్ బౌవీ క్యూన్‌కి ఉత్తరం రాసి కోర్టుకెక్కాడు. 1970 సీజన్ మొత్తం పోయింది, 1971లో వాషింగ్టన్‌కి 13 మ్యాచ్‌లు ఆడి వదిలేశాడు, 1972లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కెరీర్ అయిపోయింది. కానీ ఆయన కదిపిన రాయి ఆగలేదు. 1975 డిసెంబర్‌లో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్ల కేసులో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఆటగాళ్ళ వైపు చెప్పాడు, ఆ క్లాజ్ కూలిపోయింది.

ఫ్లడ్ కార్డినల్స్‌కి 12 సీజన్లు, ఫ్రీమన్ బ్రేవ్స్‌కి 12 సీజన్లు. ఒకాయన్ని అడగకుండా పంపించేశారు, ఇంకొకాయన తన ఇష్టం ఏంటో చెప్పుకోగలిగాడు. ఎవరైనా ఆటగాడు వెళ్ళిపోయాడని నాకు కోపం వచ్చిన ప్రతిసారీ ఫ్లడ్‌ని తలుచుకుంటా తమ్ముడూ, నిజంగా.

ప్రశ్న: సార్, ఎడిసన్, న్యూజెర్సీ. నేను యాంకీస్ ఫ్యాన్‌ని, ఇరవై ఏళ్ళ నుంచి. హువాన్ సోటో వెళ్ళింది ఎక్కడికో కాదు, అదే న్యూయార్క్‌లో మెట్స్‌కి. మీ ఫ్రీమన్ లాగా నేను క్షమించలేను. స్టేడియంలో బూ అని అరవడం తప్పంటారా?

జవాబు: అరవండి సార్, తప్పేం లేదు. టికెట్ కొనుక్కుని గొంతు చించుకునే హక్కు ఫ్యాన్‌ది, మనిషిని, వాళ్ళింట్లో వాళ్ళని తిట్టనంత వరకు. 2025 మే 16న సోటో మెట్స్ డ్రెస్‌లో బ్రాంక్స్‌లోని మీ స్టేడియంకి వచ్చినప్పుడు మీవాళ్ళు చెవులు పగిలేలా అరిచారు, రైట్ ఫీల్డ్ వెనక కూర్చునే గ్యాంగ్ అయితే ఆయనకి వీపు తిప్పి నిలబడ్డారు. ఆయన హెల్మెట్ తీసి నవ్వుతూ ఊపాడు. అది కూడా ఆటలో భాగమే అనుకుంటా నేను.

కాకపోతే ఫ్రీమన్‌తో పోల్చొద్దు. సోటో మీ దగ్గర ఆడింది ఒక్క సీజన్. 2023 డిసెంబర్‌లో శాన్ డియాగో నుంచి ట్రేడ్‌లో వచ్చాడు, 2024లో మిమ్మల్ని వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్ళాడు, వెళ్ళాడు. డబ్బు కోసమే అంటారు కానీ యాంకీస్ కూడా 16 ఏళ్ళకి 76 కోట్ల డాలర్లు ఇస్తామన్నారని వార్తలొచ్చాయి, మెట్స్ ఇచ్చింది 15 ఏళ్ళకి 76.5 కోట్లు. ఆ లెక్కలో అంత తేడాకి ఎవరూ ఊరు మారరు, ఎక్కడ ఉండాలనిపించిందో అక్కడికి వెళ్ళాడు. మీకు నొప్పి పుట్టించేది కూడా అదే అని నా అనుమానం. మనం నచ్చలేదా అని.

ప్రశ్న: సెయింట్ లూయిస్‌లో ఉంటాం. కార్డినల్స్ స్టార్ పుజోల్స్ 2011లో వెళ్ళిపోయినప్పుడు మా పక్కింటి అమెరికన్ ఆయన టీవీ చూడటమే మానేశాడట. ఇప్పుడేమో వాళ్ళింట్లో పుజోల్స్ ఫోటో ఉంది. ఇదెలా జరుగుతుంది?

జవాబు: కాలం గడిచేసరికి కప్పులు గుర్తుంటాయి, కాంట్రాక్ట్ మర్చిపోతారు. పుజోల్స్ ఆ ఊరికి 2006లో, 2011లో రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిపించి ఏంజెల్స్‌కి 10 ఏళ్ళ కాంట్రాక్ట్ మీద వెళ్ళాడు, ఎనిమిదో సంవత్సరంలో, 2019 జూన్‌లో గానీ మళ్ళీ ఆ స్టేడియంలో ఆడటం కుదరలేదు. ఆ మూడు మ్యాచ్‌ల్లో ఆయన బ్యాట్ పట్టుకుని వచ్చిన ప్రతిసారీ జనం లేచి నిలబడ్డారు. 2022లో చివరి సీజన్‌కి కార్డినల్స్‌కే తిరిగొచ్చి 700 హోమ్ రన్లు దాటేసి 703 దగ్గర ఆపాడు. పక్కింటాయన్ని ఆ ఫోటో ఎప్పుడు పెట్టాడో అడగండి, నాకూ రాయండి.

ప్రశ్న: ఆల్ఫరెటా నుంచి. ఓల్సన్ 2023లో 54 హోమ్ రన్లు, 139 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల టీమ్‌కి వచ్చిన రన్లు) కొట్టి రెండింట్లో బ్రేవ్స్ రికార్డులు బద్దలుకొట్టాడు, పైగా మన పక్కనే లిల్‌బర్న్‌లో పెరిగిన లోకల్ కుర్రాడు. ఇంకా ఫ్రీమన్ ఫ్రీమన్ అని ఏడవడం ఓల్సన్‌కి అన్యాయం కాదా?

జవాబు: అన్యాయమే. ఒప్పుకుంటున్నా. ఓల్సన్ ఏ తప్పూ చెయ్యలేదు, వచ్చిన రోజు నుంచి ఒళ్ళు దాచుకోకుండా ఆడుతున్నాడు. కానీ పైన చెప్పిన ఆ చివరి బంతి మళ్ళీ గుర్తు చేసుకోండి. విసిరిన స్వాన్సన్ 2022 డిసెంబర్‌లో షికాగో కబ్స్‌కి వెళ్ళిపోయాడు. అందుకున్న ఫ్రీమన్ అంతకుముందే పోయాడు. ఆ రాత్రి ఆరు ఇన్నింగ్స్ ఒక్క రన్ కూడా ఇవ్వకుండా బంతులేసిన మ్యాక్స్ ఫ్రీడ్ 2024 డిసెంబర్‌లో యాంకీస్‌కి వెళ్ళాడు. ముగ్గురూ ఫ్రీ ఏజెన్సీలోనే. మేం ఏడుస్తున్నది ఒక్క ఫ్రీమన్ కోసం కాదండీ, ఆ రాత్రి కోసం. ఓల్సన్‌కి చప్పట్లు తగ్గించం, మాట ఇస్తున్నా.

ప్రశ్న: నాయనా, నాది విజయవాడ. 2024 అక్టోబర్‌లో మా అమ్మాయి దగ్గర అట్లాంటాలో ఉన్నాను. ఒక రాత్రి టీవీలో ఒకతను బంతి కొట్టి, అందరూ కేకలేస్తుంటే, మైదానం పక్కన వల దగ్గరికి పరిగెత్తి వల అవతలున్న ఒక పెద్దాయన దగ్గర ఆగాడు. మనవడు పేరు చెప్పాడు కానీ మర్చిపోయాను. ఎవరా పెద్దాయన? ఆ కుర్రాడు అందరిలా కాకుండా పొడుగు చేతుల చొక్కా ఎందుకేసుకుంటాడు?

జవాబు: అమ్మమ్మా, మీరు చూసింది ఈ ఉత్తరాలన్నీ ఎవరి గురించో ఆయన్నే. అక్టోబర్ 25, యాంకీస్‌తో వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, పదో ఇన్నింగ్, డాడ్జర్స్ ఒక్క పరుగు వెనక, మూడు బేసుల్లోనూ మనుషులు, కాలి చీలమండ బెణికి నెల కూడా కాలేదు. మొదటి బంతికే కొట్టాడు. వరల్డ్ సిరీస్ చరిత్రలో అలా గ్రాండ్ స్లామ్‌తో, అంటే మూడు బేసులూ నిండి ఉండగా కొట్టిన హోమ్ రన్‌తో, మ్యాచ్ ముగియడం అదే మొదటిసారి. అట్లాంటాలో ఎంతమంది ఆ రాత్రి టీవీ ముందు తమకి తెలియకుండానే లేచి నిలబడ్డారో, మా ఇంట్లో మేం నలుగురం నిలబడ్డాం, మా టీమ్ కాకపోయినా.

ఆ పెద్దాయన వాళ్ళ నాన్న, పేరు ఫ్రెడ్. చిన్నప్పటి నుంచి కొడుకుకి ప్రాక్టీస్ బంతులు వేసింది ఆయనే. ఆయన వెయ్యకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదని ఫ్రీమన్ తర్వాత చెప్పాడు. ఇక పొడుగు చేతుల చొక్కా వాళ్ళమ్మ కోసం. ఫ్రీమన్‌కి పదేళ్ళప్పుడు ఆవిడ మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో పోయింది. ఎండ తగలకుండా, ఆవిడ గుర్తుగా, అట్లాంటా జూలై ఎండల్లో కూడా ఆ చేతులు మడిచేవాడు కాదు. లాస్ ఏంజెలిస్‌లోనూ అంతే.