హార్సిలీహిల్స్‌లో చూడ్డానికి ఏముంది అని అడిగినవారికి

బెంగళూరు నుంచి అరవై దాటిన అమ్మానాన్నలతో, ఎనిమిదేళ్ల పాపతో, గోల లేని కొండ మీద రెండు రోజులు గడపాలనుంది. హార్సిలీహిల్స్ అనుకుంటే తెలిసినవాళ్లంతా "అక్కడేముంది, రెండు గంటల్లో అయిపోతుంది" అంటున్నారు. వెళ్లాలా, వద్దా? ఇదే కదా మీ ప్రశ్న. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఆ కొండను చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి ఒకటి ముందే ఒప్పేసుకుంటాను. మీతో ఆ మాట అన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు. కారు దిగి, బోర్డు కనిపించిన చోటల్లా ఫొటో తీసుకుని మళ్లీ కారెక్కేవాళ్లకు అది రెండు గంటల కొండే. గంటంబావులో ముగించి "ఇంతేనా?" అన్నవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

దీనికి "ఆంధ్రా ఊటీ" అని పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో గానీ, కొండకు చెడ్డపేరు తెచ్చిపెట్టారు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. ఇది 1,265 మీటర్లు. టీ తోటలుండవు, చెరువులో పడవల బారులుండవు. ఉన్నది రాయలసీమ కొండ. నల్లటి బండలు, వాటి సందుల్లో ముళ్ల పొదలు, ఎండాకాలం వచ్చేసరికి ఆకు రాల్చే అడవి. పైన మాత్రం తెల్లవాళ్ల కాలం నుంచి నాటుతూ వచ్చిన నీలగిరి (యూకలిప్టస్) చెట్ల నీడ. చల్లదనం సంగతీ చెప్తాను. మదనపల్లె ఊరే దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉంది. వంద మీటర్లు పైకెళ్తే అర డిగ్రీకి కాస్త ఎక్కువ తగ్గుతుందని లెక్కేసుకోండి, ఊరికీ కొండకీ తేడా మూడు నాలుగు డిగ్రీలే. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ ఎండే. పొద్దు గూకిన తర్వాత గాలి లేస్తుంది చూడండి, అప్పుడు అమ్మగారికి శాలువా, మీకు స్వెట్టరు తప్పవు.

ఆ మూడు నాలుగు డిగ్రీల కోసమే ఒక దొర ఇక్కడ ఇల్లు కట్టించుకున్నాడు. డబ్ల్యూ.డి. హార్స్‌లీ, కడప కలెక్టరు. కడప కలెక్టరుకు ఇక్కడేం పని అని మా అబ్బాయి అడిగాడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనే ఉండేది. కడప ఎండలు ఎరిగినవాళ్లకు ఆ దొర బాధ ఇంకా బాగా అర్థమవుతుంది. అంతకు ముందు ఈ కొండ పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే ఆమె కొండ మీద ఒంటరిగా ఉండేదనీ, ఏనుగులు ఆమెను కాపాడేవనీ, ఒకనాడు కనిపించకుండా పోయిందనీ కథ. ఆమె గుడి పైనే ఉంది. మా నాయన చివరిదాకా "మల్లమ్మ కొండ" అనే అన్నాడు. హార్సిలీ అనాల్సి వస్తే "ఆ దొర పేరు" అనేవాడు.

ఇక నా అనుభవం. కొన్నేళ్ల కింద అమ్మానాయనలను తీసుకుని వెళ్లాను. కొండ కింద డెబ్బై ఏళ్లు బతికినవాళ్లు, పైకి వెళ్లింది రెండే రెండుసార్లు, అదీ మల్లమ్మ గుడికి. మేం వెళ్లింది శనివారం మధ్యాహ్నం. పెద్ద తప్పు. కార్లు పెట్టడానికి చోటు లేదు, ఎవరి కార్లో పాటలు వాళ్లవి, వ్యూ పాయింటు దగ్గర సెల్ఫీలకు వరస. అమ్మ ఒక బండ మీద కూర్చుని, "చూసేదానికి ఏముందిరా ఈడ? రాళ్లు మనూర్లో లేవా?" అనింది. నా దగ్గర జవాబు లేదు. పర్యావరణ పార్కు చూపించాను, జంతువుల బోనులు చూపించాను. బోనులో జంతువును చూడ్డానికి ఇంత దూరమెందుకు అన్నట్టు చూశాడు నాయన. నా మటుకు నాకూ అదే అభిప్రాయం గానీ, మీ పాపకు మాత్రం ఆ చోటు నచ్చుతుంది. గంటసేపు ఆడుకోనివ్వండి.

ఆ సాయంత్రమే కోతి తంతు. అమ్మ దగ్గర గుడ్డసంచీ ఒకటి, అందులో బొరుగులు, వేయించిన చెనక్కాయలు. అందులోనే ఆమె బీపీ మాత్రల డబ్బా. కోతి ఒకటి చెట్టు దిగి, మనిషి లేచి వచ్చి అడిగినంత నిదానంగా వచ్చి, సంచీ లాక్కుని పోయింది. చెనక్కాయలు పోతే పోయాయి. మాత్రలు పైన దొరకవు. రాత్రి ఏడింటికి నేనూ డ్రైవరూ మదనపల్లెకు దిగి, మందుల షాపులో కొనుక్కుని మళ్లీ ఎక్కాం. చీకట్లో ఘాట్ రోడ్డు మలుపులు ఎట్లుంటాయో ఆ రోజు తెలిసింది. కాబట్టి మీ పెద్దవాళ్ల మందులు మీ జేబులో పెట్టుకోండి. చేతిలో కవరు కనిపించిందంటే దాంట్లో తిండే ఉందని అక్కడి కోతుల నమ్మకం. గది కిటికీకి గడియ వేయకుండా బయటికి రావద్దు.

మేం ఆదివారం దిగిపోవాల్సింది. నాయనకు మోకాళ్ల నొప్పి ఎక్కువై, ఇంకో రాత్రి ఉండిపోదామన్నాడు. మా అదృష్టం అక్కడ తిరిగింది. ఆదివారం నాలుగు దాటేసరికి బెంగళూరు కార్లు, అనంతపురం కార్లు, మోటార్ సైకిళ్ల గుంపులు ఒకదాని వెనక ఒకటి దిగిపోయాయి. ఆరింటికి కొండ మీద టీ బంకు ఆయన, మేము, నాలుగైదు కుటుంబాలు మిగిలాం. అప్పటిదాకా ఆ పాటల మోతలో గాలి శబ్దం ఒకటుందనే తెలియలేదు. నీలగిరి ఆకుల మీద గాలి పోతుంటే దూరంగా వాన వస్తున్నట్టే వినిపిస్తుంది. నాయన రెండుసార్లు మొయిలు కోసం పైకి చూశాడు.

మరుసటి రోజు సోమవారం. పొద్దున్నే, ఇంకా మసక ఉండగానే గాలిబండకు వెళ్లాం. పేరులోనే ఉంది, గాలి. కొండ అంచున వాలుగా పరుచుకున్న ఒకే బండ, దాని మీద గాలి ఎప్పుడూ ఆగదు. నాయన తలపాగా విప్పి నడుముకు కట్టుకోవాల్సి వచ్చింది. కిందంతా పొగమంచు. కాసేపటికి అది పల్చబడి, ముందు చెరువులు మెరిశాయి, తర్వాత చేలు, తర్వాత రోడ్డు. నాయన కూర్చున్న చోటి నుంచి ఒక్కో చెరువు పేరూ చెప్పడం మొదలుపెట్టాడు. ఏ చెరువు కింద ఎవరి మడి, ఏ ఏడు తెగింది, ఏ గుట్ట పక్కన ఆయన చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. డెబ్బై ఏళ్లు కింద నుంచి చూసిన నేలను ఆ రోజే మొదటిసారి పైనుంచి తీరిగ్గా చూశాడు. దాదాపు రెండు గంటలు అక్కడే ఉన్నాం. అమ్మ మళ్లీ "ఏముంది ఈడ" అనలేదు. "సంగటి తెచ్చుకోనుంటే బాగుండు" అనింది.

మీ నాన్నగారికి మోకాళ్ల సమస్య ఉంటే భయపడక్కర్లేదు, బండకు దగ్గరి దాకా రోడ్డుంది. వాన పడిన రోజు మాత్రం బండ మీదికి పోనివ్వకండి, పాచి పట్టి జారుతుంది. పాప చెయ్యి వదలొద్దు. వాలు మొదట్లో మెత్తగా ఉండి, పోనుపోను తెలియకుండా నిలువవుతుంది. రీళ్ల కోసం అంచుకు పోయే కుర్రాళ్లను చూసి నాకే కాళ్లు వణికాయి.

ఆ పొద్దున్నే ఇంకొకటి జరిగింది. మెడలో బైనాక్యులర్లు వేసుకున్న ఒకాయన మా వెనక పొదల్లోకి కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. ఏమిటని అడిగితే పెదాల మీద వేలు పెట్టాడు. బూడిద రంగు పిట్ట, తల, గొంతు పసుపు. అది పసుపు గొంతు పిగిలిపిట్ట (బుల్‌బుల్) అట. మన ఇళ్ల దగ్గర తిరిగే పిగిలిపిట్ట లాంటిదే అనుకున్నాను. దక్షిణ భారతంలో ఇట్లాంటి రాతి గుట్టల పొదల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదని ఆయన చెప్పాకే దాని విలువ తెలిసింది. అంతరించే ప్రమాదమున్న పక్షుల జాబితాలోనూ ఉంది. మనం పనికిరాని రాళ్లు, ముళ్లు అనుకునేదే దానికి ఇల్లు. గుట్టను క్వారీకి ఇస్తే ఆ ఇల్లు పోయినట్టే. మహా పిరికిది, మనిషి గొంతు పెంచితే పొదలోకి దూరుతుంది. శనివారం వెళ్తే అందుకే కనిపించదు. మీ పాపకు పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చునే ఓపిక ఉంటే తెల్లవారుజామున ప్రయత్నించండి. పాపకు చూపించాలని ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలవడం మాత్రం వద్దు. జత కట్టే కాలంలో దాన్ని ఊరికే కంగారు పెట్టినట్టవుతుంది.

కల్యాణి అని పేరున్న పెద్ద నీలగిరి చెట్టు ఒకటుంది, 1859లో హార్స్‌లీ నాటాడని చెబుతారు. దాని మొదట్లో నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. అందరూ అక్కడ ఫొటో దిగుతారు, మీరూ దిగండి.

దారి సంగతి. బెంగళూరు నుంచి హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లె, అక్కడి నుంచి అంగళ్లు అనే ఊరు దాటి కొండ మలుపు. మొత్తం నూట యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. రైలు అనుకుంటే, మదనపల్లె రోడ్ అనే స్టేషను ఊళ్లో లేదు, సీటీఎం అనే ఊరి దగ్గరుంది. పేరు చూసి మోసపోవద్దు. మదనపల్లె బస్టాండులో కొండకు ఆర్టీసీ బస్సులుంటాయి గానీ తక్కువ, పెద్దవాళ్లతో వాటిని నమ్ముకోకండి. ఉండడానికి పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, ముందే బుక్ చేసుకోండి. తిండి విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. మేం మొదటి రోజు తిన్నది చల్లారిన ఫ్రైడ్ రైస్, రెండో రోజు మదనపల్లె నుంచి పొట్లం కట్టించుకున్న చిత్రాన్నం. రెండోదే నయం.

నన్నడిగితే, ఆదివారం మూడు గంటలకు మదనపల్లె చేరి, భోజనం చేసి, నాలుగున్నరకు కొండెక్కండి. అందరూ దిగుతుంటారు, మీరు ఎక్కుతుంటారు. మలుపుల్లో నెమ్మదిగా, హారన్ కొడుతూ వెళ్లండి, దిగేవాళ్లు హుషారు మీదుంటారు. ఆదివారం రాత్రి, సోమవారం రాత్రి ఉండి మంగళవారం దిగండి. పాపకు బడి రెండు రోజులు పోతుంది, పోనివ్వండి. డిసెంబరు, జనవరిలో మంచు బాగుంటుంది. జూన్ నుంచి గాలి ఉధృతం, నాకు అప్పుడే ఇష్టం, కానీ పెద్దవాళ్లకు చెవుల్లో దూది పెట్టాలి. అక్టోబరు, నవంబరులో తుపాను కబురుంటే మానుకోండి. డిసెంబరు 31 రాత్రి మాత్రం అటు వైపే చూడొద్దు.

సమయం మిగిలితే మదనపల్లెలో బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల చూడండి. రవీంద్రనాథ్ టాగూర్ 1919లో అక్కడ బస చేసినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడు. పాప బడిలో రోజూ పాడే పాట కాబట్టి చెప్పుకోవడానికి బాగుంటుంది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిందీ మదనపల్లెలోనే. ఆయన పేరుతో ముడిపడిన రిషివ్యాలీ బడి కొండకు దగ్గర్లోనే ఉంది గానీ, అది బడి. అనుమతి లేకుండా గేటు దగ్గర నిలబడి లాభం లేదు.

దిగేటప్పుడు కాలం కలిసొస్తే రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్ముతుంటారు, చుట్టు పక్కల గుట్టల్లోవే. బేరమాడకుండా కొనండి. తొక్క విచ్చినవి కాకుండా, కళ్లు విడివడి ఇంకా గట్టిగా ఉన్నవి ఏరుకుంటే బెంగళూరు చేరి రెండు రోజులకు పండుతాయి. కారు కిటికీల అద్దాలు మాత్రం పైకెక్కించుకోండి. కింది మలుపు దాకా కోతులుంటాయి.