మీ మాత్రల పేర్లు అడిగారా?

ప్రశ్న: నా వయసు 54. రెండేళ్లుగా టైప్‌ 2 మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్‌, గ్లిమిపిరైడ్‌ వేసుకుంటున్నాను. తిండి విషయంలో తలా ఒక మాట చెబుతున్నారు. పండ్లు ముట్టుకోవద్దని మా ఆడపడుచు అంటుంది. ఒక పూట మానేస్తే షుగరు దిగుతుందని ఒక వీడియోలో చూసి, పోయిన వారం మధ్యాహ్న భోజనం మానేశాను. సాయంత్రానికి చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పట్టి కూలబడిపోయాను. ఎవరి మాట నమ్మాలి?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి గాభరా పడ్డాను. మీరు చెప్పిన లక్షణాలు షుగరు బాగా పడిపోయినప్పుడు వచ్చేవి. గ్లిమిపిరైడ్‌ పని క్లోమం చేత ఇన్సులిన్‌ విడుదల చేయించడం. మీరు తిన్నా తినకపోయినా అది ఆ పని చేస్తూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్‌ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం చాలా అరుదు. అదే వీడియో చూసి అదే పూట మానేసిన మరొకరికి ఏమీ కాకపోవచ్చు. మీకు మాత్రం ప్రాణం మీదికి వచ్చేది.

మళ్లీ అలా వణుకు పుడితే వెంటనే రక్తం పరీక్షించుకోండి. 70 మిల్లీగ్రాములకన్నా తక్కువ ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ తాగండి. పరీక్షించే వీలు లేకపోతే ముందు చక్కెర నీళ్లే తాగండి. కుదుటపడ్డాక ఏదైనా తినండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సు పిలవాలని ఇంట్లోవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

ఇక ఎవరిని నమ్మాలంటారా? ఏం తినాలో చెప్పేముందు మీ మాత్రల పేర్లు అడిగారా, లేదా చూడండి. నేనైతే దీన్నే మొదటి పరీక్షగా పెడతాను. మూత్రపిండాల పరీక్ష ఎలా ఉంది, ఎన్నింటికి నిద్ర లేస్తారు, ఇంట్లో వంట ఎవరిది అని కూడా అడగాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మాంసకృత్తులు విపరీతంగా పెంచమనడం మంచిది కాదు. ఇవేవీ అడగకుండా పట్టిక చేతికిచ్చేవారు ఎంత పేరున్నవారైనా ఆ సలహా మీకోసం ఇచ్చింది కాదు. న్యూట్రిషనిస్ట్‌ అన్న పేరు చాలా దేశాల్లో ఎవరైనా పెట్టుకోవచ్చు. అందుకని గుర్తింపు పొందిన డైటీషియన్లేనా, ఏం చదివారు అని అడగడానికి మొహమాటపడకండి. మాత్రలు ఆపేయమని చెప్పి, తన పొడి కొనమనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

పండ్ల మీద నిషేధం అక్కర్లేదు. పండును పండుగానే, కొద్దికొద్దిగా తినండి. రసం తీస్తే పీచు చాలావరకు పోతుంది, ఒక్క గుక్కలో రెండు మూడు పండ్ల చక్కెర లోపలికి వెళుతుంది. పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వు ఎంతెంత తినాలన్నదానికి అందరికీ సరిపోయే ఒకే పాళ్లు లేవని అమెరికన్‌ డయాబెటిస్‌ అసోసియేషన్‌ 2019 నివేదిక కూడా చెప్పింది.

ఒకసారి నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దామె సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి, ఇవి ఎన్నైనా తినొచ్చట కదా అంది. ముందువైపు పెద్ద అక్షరాలతో ‘చక్కెర కలపలేదు’ అని ఉంది. వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పెట్టుకోమని, చిన్న అక్షరాల వరుస మీద వేలు పెట్టి చూపించాను. 100 గ్రాముల్లో 68 గ్రాములు పిండిపదార్థాలే. ఆమె చాలాసేపు ఆ అంకెనే చూస్తూ ఉండిపోయింది. రోజూ రాత్రి ఆరు తినేదట. ఆమెకు అబద్ధం అమ్మారన్న కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

గ్లూకోమీటరు ఉంటే భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు మరోసారి చూసుకోండి. ఏం తిన్నారో, ఎంత తిన్నారో పక్కనే రాయండి. మూడు రోజులు రాసిన కాగితం, మాత్రల చీటీ, చివరి హెచ్‌బీఏ1సీ రిపోర్టు పట్టుకుని డైటీషియన్‌ దగ్గరికి వెళ్లండి. రెండు మూడు నెలల షుగరు సగటు ఎలా ఉందో ఆ రిపోర్టు చెబుతుంది.

గ్లిమిపిరైడ్‌ మోతాదు సంగతి మాత్రం డైటీషియన్‌ కోసం ఆపవద్దు. ఆ సాయంత్రం జరిగింది ఇంకా డాక్టరుకు చెప్పకపోయి ఉంటే, ఈ జవాబు చదివిన రోజే ఫోను చేసి చెప్పండి. ఆయన ఏదో ఒకటి తేల్చేదాకా ఏ పూటా భోజనం మానవద్దు.