పెంకుటిల్లు ఉండగా రేకుటిల్లు ఎందుకు లేదు?

సందేహం: మేడ మీద ఒక గది వేద్దామనుకుంటున్నాం. పెంకులా, రేకులా, స్లాబా అని ఇంట్లో రోజూ చర్చే. మధ్యలో మా అమ్మాయి "పెంకుటిల్లు అంటాం కదా, రేకుటిల్లు అనం ఎందుకు?" అని అడిగింది. ఆ 'ట' ఎక్కణ్ణించి వచ్చింది? రేకుటిల్లు అంటే తప్పా?

సమాధానం: తప్పు కాదండీ. కాకపోతే జనం నోట నేనెప్పుడూ వినలేదు.

విశేషణంగా నిలిచిన మాట ఉకారంతో ముగిసి, దాని పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే మధ్యలో 'ట' చేరుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన టుగాగమం ఇదే. నిగ్గు, అద్దం కలిసి నిగ్గుటద్దం అయినట్టే పెంకు, ఇల్లు కలిసి పెంకుటిల్లు. పూరిల్లులో 'పూరి' చివర ఉన్నది ఇకారం కాబట్టి అక్కడ 'ట'కి పని లేదు.

రేకు కూడా ఉకారాంతమే, సూత్రం అడ్డు చెప్పదు. అడ్డం వచ్చింది వాడుక. రేకు అనే మాట పాతదే: తామరరేకులున్నాయి, అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులున్నాయి. అది ఇంటి మీదికెక్కింది మాత్రం జింకు రేకులు, సిమెంటు రేకులు వచ్చాకే. అప్పటికి టుగాగమం పాత మాటల్లో గట్టిపడిపోయింది, కొత్త సమాసం చేసేటప్పుడు నోటికి రావడం మానేసింది. అందుకని 'రేకుల ఇల్లు', 'రేకుల షెడ్డు' అన్నారు. 'రేకుల' అన్నాక చివర ఉకారమే లేదు, ఇక 'ట' ఎలా వస్తుంది? స్లాబుటిల్లు అని ఒకసారి పైకి అని చూడండి, మీ అమ్మాయి నవ్వుతుంది.

ఇంకో సంగతి గమనించారా? గోడ మట్టిదైనా ఇటుకదైనా, తెలుగువాడు ఇంటికి పేరు పెట్టేది కప్పును చూసే. పూరిల్లు, పెంకుటిల్లు, డాబా, మిద్దె అన్నీ అంతే. రాయలసీమలో పాత మిద్దె అంటే దూలాల మీద కర్రలు పరిచి, పైన చౌడుమట్టి వేసినది. చౌడు తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఇక మనం 'బెంగుళూరు పెంకు' అనే చదును పెంకు నిజానికి మంగళూరుది. అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 19వ శతాబ్దంలో పెట్టిన కార్ఖానాలతో పేరు తెచ్చుకుంది. మన నోట్లో ఊరు మారిపోయింది. అంతకు ముందు నుంచీ ఉన్నది కుమ్మరి చేసే గూన పెంకు.

క్రియలూ కప్పును బట్టి మారతాయి. పాక నేస్తారు, రేకులు బిగిస్తారు, స్లాబు పోస్తారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాలన్నా, చూరు పట్టుకుని వేళ్లాడాలన్నా స్లాబు కింద కుదరదు.

మీ చర్చలో నా ఓటు పెంకులకే. నేను పెరిగింది పెంకుటింట్లో. వంటింటి మీద ఒక అద్దపు పెంకు ఉండేది, పొద్దున్నే పొగలోంచి వెలుగు ఏటవాలుగా సరిగ్గా పొయ్యి పక్కన పడేది. కోతులు వచ్చిన ఏడాది నాలుగు పెంకులు పగిలి, మంచాలు జరుపుకుంటూ పడుకున్నాం, అదీ నిజమే. రేకులైతే వానలో పక్కవాళ్ల మాట వినపడదు, ఎండలో గదిలో ఉండలేం.

అయితే మీరు వేస్తున్నది గది. గది హల్లుతో మొదలవుతుంది కనక, పెంకులే వేయించినా అది పెంకుటిగది కాదు, పెంకుల గదే.