రేటు కట్టని గుంటకి సున్నా ఎందుకొచ్చింది?

ప్రశ్న: నమస్తే సార్. మాది కావలి దగ్గర పల్లెటూరు. నాన్న రొయ్యల సాగు చేస్తారు. నేను బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో ప్రాజెక్ట్ చేశాను. మొన్న ఇంటర్వ్యూలో "హైబర్నేట్ లేకుండా, క్వెరీ రిజల్ట్‌ని ఆబ్జెక్ట్‌లోకి ఎలా తెస్తావు?" అని అడిగితే నోరు పెగల్లేదు. ఫ్రెండ్స్ అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు చేద్దాం రమ్మంటున్నారు, ఫీజు 40 వేలు. నాన్నేమో బ్యాంకు కోచింగ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: హైదరాబాద్‌కి సింహపురి ఎక్స్‌ప్రెస్ టికెట్ ఇప్పుడే బుక్ చేయకమ్మా. ఆ కోర్సులో చెప్పేది చాలావరకు నువ్వు ప్రాజెక్ట్‌లో వాడిందే. 40 వేలు కట్టి వచ్చాక కూడా ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోవచ్చు.

అసలు ఆ ప్రశ్న ఎందుకు అడిగారంటే, ఫ్రెషర్‌కి కొత్త ప్రాజెక్ట్ చేతికివ్వడం అరుదు. పాత కోడ్ ఇచ్చి తప్పులు సరిచేయమంటారు. డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ జావాలోకి వచ్చింది 1997లో, టేబుల్ వరసల్ని తనే ఆబ్జెక్టులుగా మార్చే హైబర్నేట్ మొదలైంది 2001లో. ఆ మధ్య కాలంలో ఆ మార్చే కోడ్ చాలామంది చేత్తోనే రాశారు. హైబర్నేట్ కూడా లోపల వాడేది జేడీబీసీనే. అది చేసే పని నువ్వు ఒక్కసారి చేత్తో చేసి చూడు.

లాప్‌టాప్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఉంటుంది కదా. మీ నాన్నగారి గుంటలతోనే ఒక టేబుల్ చెయ్యి: రైతు పేరు, గుంట నంబరు, కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు), కేజీ రేటు. నాలుగు వరసలు ఎక్కించు. ఒక గుంటకి పట్టుబడి ఇంకా కాలేదనుకో. కౌంట్ తెలియందే రేటు కట్టరు కాబట్టి ఆ రెండు గళ్లూ నల్‌గా, అంటే విలువ లేకుండా, వదిలెయ్. తర్వాత జావాలో ఒక క్లాసు రాసి, క్వెరీ ఇచ్చే రిజల్ట్‌సెట్‌ని ఒక్కో వరసా తిప్పుతూ, ఒక్కో కాలమ్‌నీ దాని ప్రాపర్టీలో పెట్టు. పదిహేను లైన్లు దాటదు.

ఇప్పుడు ప్రింట్ చేసి చూడు. రేటు కట్టని గుంటకి కేజీ సున్నా రూపాయలు అని వస్తుంది! రేటు చదవడానికి వాడే గెట్‌డబుల్ నల్‌ని సున్నా చేసి ఇస్తుంది మరి. రేటు ఇంకా తేలకపోవడం వేరు, రొయ్యలు ఊరికే ఇచ్చేయడం వేరు. ఆ తేడా మీ నాన్నకి చెప్పక్కర్లేదు, కంప్యూటర్‌కి మాత్రం చెప్పాలి. చదివిన వెంటనే అది నల్లేనా అని వాజ్‌నల్‌తో అడగాలి, లేదంటే నల్‌ని నల్‌గానే ఉంచే బిగ్‌డెసిమల్‌గా తీసుకోవాలి. డబ్బు లెక్కకి ఎలాగూ అదే మంచిది. చెన్నైలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను రాసిన ఇలాంటి లైన్ వల్లే ఒక కస్టమర్‌కి సున్నా బిల్లు వెళ్లింది. తప్పు ఎక్కడుందో దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఎర్రర్ ఏదీ రాలేదు, అదే అసలు చిక్కు.

పేర్లతో ఇంకో తలనొప్పి ఉంది. టేబుల్‌లో 'ఫార్మర్', అండర్‌స్కోర్, 'నేమ్' అని ఉంటుంది, జావా క్లాసులో అండర్‌స్కోర్ తీసేసి కలిపి రాస్తాం. స్ప్రింగ్ బూట్‌లో జేపీఏ (హైబర్నేట్ పాటించే ప్రమాణం) వాడితే ఈ రెంటినీ అదే కలుపుతుంది. మైబాటిస్ అనే ఇంకో లైబ్రరీలో ఇలా కలిపే సెట్టింగ్ మనం ఆన్ చేయాలి. చేయకపోతే ఆ ప్రాపర్టీ చప్పుడు లేకుండా ఖాళీగా ఉండిపోతుంది.

ఇవి అయ్యాక రైతుల టేబుల్, గుంటల టేబుల్ విడదీసి జాయిన్ చెయ్యి. మూడు గుంటలున్న రైతు మూడు వరసల్లో వస్తాడు. ముగ్గురు రైతులుగా కాకుండా, ఒక్క రైతు కింద మూడు గుంటల లిస్టుగా కూర్చు. ఇక్కడ కాస్త కష్టపడతావు, పడు. తర్వాత హైబర్నేట్‌లో అదే పని చేసి, ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి చూడు. అరవై మంది రైతుల్ని తెచ్చి, లూప్‌లో ఒక్కొక్కరి గుంటల్నీ అడిగితే అరవై ఒక్క క్వెరీలు కనపడతాయి: రైతుల కోసం ఒకటి, ఒక్కొక్కరి గుంటల కోసం అరవై. ఇంటర్వ్యూల్లో అడిగే ఎన్ ప్లస్ వన్ ఇదే. రైతుల్నీ గుంటల్నీ కలిపి తెచ్చే జాయిన్ ఫెచ్ పెడితే ఒక్క క్వెరీయే అవుతుంది.

రోజుకి రెండు గంటలు కూర్చుంటే ఇదంతా పది రోజుల పని.

నాన్నగారి మాట కొట్టిపారేయకు, కానీ రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు. క్యాంపస్ సీజన్ అయ్యేదాకా ఇది చూసుకుని, ఉద్యోగం రాకపోతే బ్యాంకు కోచింగ్‌లో చేరతానని ఆయనకి ముందే చెప్పు. ఆ చెప్పేటప్పుడు, రేటు కాలమ్‌లో సున్నా కూడా ఒకసారి చూపించు.